కాఫీ బండి ఎదురొచ్చిన శనివారం

నా ఉద్యోగం గురించి చెప్పమంటే ముందు నా బండి గురించి చెప్పాలి. మూడు అరల స్టీలు బండి. పైన కాఫీ డ్రమ్ము, మధ్యలో తినేవి, కింద ఎంగిలి కప్పులు. ముందు చక్రాల్లో ఒకటి ఏడుపుగొట్టుది. ఎంత నూనె పోసినా కీచుమనేది. నేను మేడ మీద లిఫ్టు దిగగానే కారిడార్ చివరి గదిలో వాళ్ళకి తెలిసిపోయేది. పంతులు పాఠం చెబుతూనే ఉండేవాడు, వీళ్ళ చూపులు మాత్రం తలుపు మీదకి వచ్చేసేవి.

నేను చెబుతుంటే మా చెల్లెలి కోడలు రాస్తోంది. నాకు సంతకం వచ్చు, బస్సు మీద నంబరు చదవడం వచ్చు, అంతే. ఈ పిల్ల పగలు హాస్పిటల్లో ఉద్యోగం చేసి సాయంత్రం మళ్ళీ ఏదో పెద్ద చదువు చదువుతోంది. మేం ఇప్పుడుండే నేపర్‌విల్ నుంచి సిటీకి వెళ్ళే ట్రైన్‌లో పుస్తకం, వచ్చే ట్రైన్‌లో నిద్ర. "నా వల్ల కాదు అత్తయ్యా, మానేస్తా" అని వారానికోసారి ఏడుస్తుంది. అలా ఏడ్చే వాళ్ళని నేను చాలామందిని చూశాను. వాళ్ళకి కాఫీ పోయడమే నా ఉద్యోగం. అందుకే ఇది ఇలాంటి పిల్లల కోసం చెబుతున్నాను.

మా ఆయన వంటవాడు. వాషింగ్టన్‌లో ఒక దొరగారింట్లో కుదిరి నన్నూ తెచ్చుకున్నాడు. తెచ్చుకున్న మూడో చలికాలం గుండె ఆగి పోయాడు. వెనక్కి వెళ్తే బావగారింట్లో పెరటి గది, ఎవరికీ ఎదురు పడకుండా రోజంతా గోడ పక్కన నడవడం. ఆ బతుకు మా పెద్దత్త బతికింది, నేను చూశాను. "ఛీ, ఈ మంచులోనే చస్తాను" అనుకుని ఉండిపోయాను. ఊరి చివర ఒక కాలేజీలో సాయంత్రం క్యాంటీన్‌కి మనిషి కావాలంటే చేరాను. మా సూపర్‌వైజర్ ఫిలిప్పీన్స్ ఆవిడ, నోటి దురుసు మనిషి, మనసు వెన్న. నన్ను చూసి "వంట వచ్చా?" అంది. "మా ఆయనకి నేర్పింది నేనే" అన్నాను. అప్పటికప్పుడు ఏప్రాన్ విసిరింది.

ఆ మేడ మీద చదువు సెక్యూరిటీ చదువట. సెక్యూరిటీ అంటే గేటు దగ్గర టోపీ పెట్టుకుని కూర్చునేవాడనుకున్నాను. ఈ దేశంలో వాచ్‌మన్‌కి కూడా ఎమ్.ఏ. కావాలా అని బుగ్గలు నొక్కుకున్నాను. తర్వాత తెలిసింది, అది దేశాల కాపలా చదువని. ఏ దేశాన్ని చూసి ఎంత భయపడాలి, ఎంత భయపెట్టాలి, బాంబులుంటే వాటిని వాడకుండా ఎలా ఉండాలి, ఇవీ పాఠాలు. రష్యా అంటే అందరూ ఉలిక్కిపడే రోజులవి. చదివేవాళ్ళందరూ పగలు ఉద్యోగాలు చేసేవాళ్ళే. సైన్యంవాళ్ళు, గవర్నమెంటు ఆఫీసులవాళ్ళు, కస్టమ్స్‌వాళ్ళు. సాయంత్రం టై వదులు చేసుకుంటూ, కడుపులు మాడుతూ వచ్చేవాళ్ళు. ప్రపంచాన్ని ఎలా కాపాడాలో మాట్లాడుతూ నా ట్రేలో ఆఖరి సాండ్‌విచ్ కోసం దెబ్బలాడుకునేవాళ్ళు.

వాళ్ళలో ఒకావిడ టైపిస్టు. నల్లావిడ, నా ఈడే ఉంటుంది. పగలంతా ఒక పెద్ద ఆఫీసులో మగవాళ్ళు రాసినవి టైపు చేసేది. "వాళ్ళ తప్పులు దిద్దీ దిద్దీ నాకూ ఆ పని వచ్చేసింది. ఇక నేనే రాస్తాను" అని చదువులో చేరింది. డిగ్రీ చేతికొస్తే రాసేవాళ్ళ బల్ల దగ్గర ఆవిడకి ఒక కుర్చీ ఇస్తామన్నారట. వేసవి దాకే ఆ కుర్చీ ఖాళీగా ఉంచుతామన్నారట. నేను నేర్పితే నన్ను అక్కా అని పిలిచేది. కానీ ఒత్తు రాక "అకా" అనేది. వాళ్ళందరూ మాట్లాడింది ఇంగ్లీషే, నాకు మాత్రం తెలుగులోనే గుర్తుంది.

పరీక్షల రోజుల్లో నేనొక పని చేసేదాన్ని. వాళ్ళు మెట్లెక్కే వేళకి బండితో సహా కూల్‌డ్రింకు మిషన్ వెనక్కి వెళ్ళి నిలబడేదాన్ని. ఒకరోజు ఆవిడ పట్టేసింది.

"అకా, పరీక్ష రోజునే ఎందుకు దాక్కుంటావు? మేమేమైనా కరుస్తామా?"

"మొగుడు పోయినదాన్నమ్మా. మంచి పని మీద వెళ్ళేవాళ్ళకి నేను ఎదురు రాకూడదు. వస్తే పని చెడుతుంది."

"ఎవరన్నారు?"

"అందరూ."

ఆవిడ మొహంలో నవ్వు పోయింది. "మా అమ్మ చిన్నప్పుడు తెల్లవాళ్ళు వస్తుంటే ఫుట్‌పాత్ దిగి రోడ్డు మీద నిలబడేదట. నా కోసం ఎవరైనా అలా పక్కకి తప్పుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. నువ్వు నాకు తప్పుకోకు."

నేను కప్పులు సర్దడం మొదలుపెట్టాను. మళ్ళీ ఆవిడే, "సరే, పొరపాటున నువ్వు ఎదురొచ్చావనుకో. అప్పుడు వాళ్ళేం చేస్తారు?" అంది.

"ఇంట్లోకి తిరిగెళ్ళి కాసేపు కూర్చుంటారు. మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరతారు."

"అంతేనా?" అని పకపకా నవ్వింది. "అది శాపం కాదు అకా, బ్రేక్!"

నాకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. అయినా తర్వాతి పరీక్షకి మిషన్ వెనక్కే వెళ్ళాను. ఒంట్లో పాతుకుపోయింది అంత తొందరగా వదలదు కదా.

ఇక అసలు రోజు. చదువు చివర్లో ఒక శనివారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వాళ్ళకొక ఆట పెట్టేవాళ్ళు. ఆటంటే ఆట కాదు, పరీక్షే. కారిడార్‌కి ఈ చివర గది ఎర్ర దేశం, ఆ చివర గది నీలం దేశం. మధ్య గదిలో పంతులు. ఆయన సైన్యంలో చేసి వచ్చిన పెద్దాయన, నా కంటే రెండింతల పొడుగు. ఆటలో నీలం దేశం ఓడలు ఎర్ర దేశం సముద్రంలోకి వచ్చి నిలబడతాయి. అవి వెనక్కి వెళ్ళాలా, యుద్ధం రావాలా, అది వాళ్ళ చేతుల్లో ఉంటుంది. ఒక గదివాళ్ళు ఇంకో గదివాళ్ళతో మాట్లాడకూడదు. చెప్పాల్సింది కాగితం మీద రాసి పంతులు బల్ల మీది పెట్టెలో వెయ్యాలి. వేశాక వెనక్కి తీసుకోవడం లేదు. ప్రతి గదికీ పొద్దున్నే ఒక కబురుమనిషిని పెట్టేవాళ్ళు. ఆ మనిషి తప్ప ఇంకెవరూ కాగితం మోయకూడదు.

మార్కుల సంగతి టైపిస్టే నాకు విడమరచి చెప్పింది. యుద్ధం లేకుండా సాయంత్రమైతే అందరూ పాసు. యుద్ధం వస్తే దెబ్బ తిన్న గది ఫెయిలు. ముందు కొట్టిన గదికి ఇంకో అవకాశం ఉంటుంది, వచ్చే టర్ములో మళ్ళీ కూర్చోవాలి.

"అయితే భయం వేసినవాడు ముందు కొట్టేస్తాడు కదే" అన్నాను.

"పాఠమంతా అదే అకా. వాళ్ళకి వచ్చే టర్మంటే ఇంకో టర్మే. నాకు వచ్చే టర్ముకి కుర్చీ ఉండదు."

ఆ మూడు గదుల్లోకీ వెళ్ళేది ఒక్క నా బండే. అందుకని పెద్దాయన నన్ను పిలిచి కూర్చోబెట్టాడు.

"మేడమ్, ఒక గదిలో చూసింది, విన్నది ఇంకో గదిలో చెప్పకూడదు. ఒక్క మాట దాటినా ఆట రద్దు. అందరూ వచ్చే టర్ములో మళ్ళీ రాయాలి. మీ ఉద్యోగం కూడా నేను కాపాడలేను."

"నాకొచ్చిన ఇంగ్లీషుకి రహస్యం మోయాలంటే ఇంకో మనిషిని తోడివ్వాలండీ" అన్నాను. ఆయన నవ్వలేదు.

ఆ శనివారం పొద్దున్నే మంచు. బ్రెడ్ వ్యాను రాలేదు. సూపర్‌వైజర్ ఫోన్లో ఎవడినో తిట్టి, ఫోను పెట్టేసి నన్ను తిట్టింది. "నువ్వేదో వేయించి పెడతావే, అది చెయ్యి! పైన రెండు దేశాలు ఆకలితో ఉన్నాయి!" నా అల్మరాలో శనగపిండి డబ్బా ఎప్పుడూ ఉండేది. బంగాళాదుంపలు చక్రాలు కోసి బజ్జీలు వేశాను. లిఫ్టు పక్కనే ఎర్ర గది కాబట్టి మొదటి వాయి వాళ్ళకే. ట్రే పెట్టడం ఆలస్యం, ఊడ్చేశారు. ఒకాయన ప్లేటు నాకినంత పని చేశాడు. ఆయన ఎయిర్‌ఫోర్స్‌లో విమానాలు నడిపే ఆఫీసరు, ఎర్ర గదికి నాయకుడు. ఆ గది కబురుమనిషి మా టైపిస్టు. "ఆఫీసులో మోసినట్టే ఇక్కడా కాగితాలు మోస్తున్నాను" అని నాకు కన్ను కొట్టింది.

కిందికొస్తే దుంపలు అయిపోయాయి. పచ్చిమిరపకాయలున్నాయి, సూపర్‌వైజర్ తన కూరకి తెచ్చుకున్నవి. ఈ దేశపు మిరపకాయకి కారం ఏముంటుంది, ఉత్త నీళ్ళు అనుకున్నాను. బారుగా చీరి, పిండిలో ముంచి వేసేశాను. నీలం గదికి పట్టుకెళ్ళాను.

నీలం గదిలో కబురుమనిషి కస్టమ్స్‌లో పనిచేసే బక్కాయన. ఒక చేత్తో ఏదో రాసిన కాగితం మడుస్తున్నాడు, ఇంకో చేత్తో బజ్జీ తీసి మొత్తం నోట్లో పెట్టుకున్నాడు. ముందు మొహం తెల్లబడింది. తర్వాత ఎర్రబడింది. చెమట తుడుచుకుంటూ అదే చేత్తో కళ్ళు నలుపుకున్నాడు. "జీసస్!" అని ఒక్క కేక పెట్టి, కాగితం బల్ల మీద పడేసి, బాత్‌రూమ్ వైపు కారిడార్ అదిరేలా పరుగెత్తాడు. మిగిలినవాళ్ళు తలా ఒక కొరుకు కొరికి వదిలేశారు. నీళ్ళ జగ్గులన్నీ ఎత్తిపట్టుకుని తాగేశారు. దగ్గులు, తుమ్ములు. "మేడమ్, మేం మీకేం అపకారం చేశాం?" అన్నాడొకడు కళ్ళనీళ్ళతో. సిగ్గుతో నేను ట్రే, ఖాళీ జగ్గులు బండి మీద సర్దుకుని బయటికొచ్చాను. వెనక నుంచి తలుపు మూసేసుకున్నారు.

బండి కీచుమంటూ వస్తుంటే ఎర్ర గది గుమ్మంలో విమానాలాయన నిలబడి ఉన్నాడు. నా ట్రే వైపు చూశాడు. జగ్గుల వైపు చూశాడు.

"వాళ్ళు ఏమీ తినలేదా మేడమ్?"

నేను నేల వైపు చూశాను.

"నీళ్ళన్నీ అయిపోయాయా?"

"కాఫీ కావాలా?" అన్నాను.

అన్నీ చెప్పేసినట్టు ఆయన తల ఊపాడు.

ఎంగిలి కప్పులు తీసుకోవాలి కదా, నేనూ లోపలికెళ్ళాను. ఆయన మొదలుపెట్టాడు. "తిండి ముట్టలేదు. నీళ్ళు ఖాళీ చేశారు, అంటే ఆగకుండా మాట్లాడుకుంటున్నారు. తలుపు మూసుకున్నారు. ఒకడు పరుగెత్తడం మనందరం విన్నాం. నా సర్వీసంతా ఇలాంటి గుర్తులే చదివాను. వాళ్ళు కొట్టబోతున్నారు. మనం ముందు కొట్టాలి."

టైపిస్టు అంది, "తిండి బాగాలేదేమో!"

గదంతా నవ్వు. "ఈవిడ చేసింది బాగాలేకపోవడమా? మన ట్రే చూడు!" అన్నాడు విమానాలాయన. నన్ను మెచ్చుకుంటూ యుద్ధానికి దారి వేస్తున్నాడు మహానుభావుడు.

"ఓడలు కదల్లేదు. కాగితం రాలేదు. ట్రే చూసి యుద్ధం చేస్తారా?" అంది ఆవిడ.

"కదిలేదాకా కూర్చుంటే ఫెయిలవుతాం."

చేతులెత్తమన్నాడు. ఆవిడ తప్ప అందరూ ఎత్తారు.

నా నాలుక దురద పెట్టింది. మిరపకాయ. ఆ ఒక్క మాట చాలు. కానీ ఆ మాట అంటే ఆట రద్దు, అందరూ వచ్చే టర్ముకే, ఆవిడ కుర్చీ గోవిందా. అనకపోతే యుద్ధం, అప్పుడూ వచ్చే టర్మే, అప్పుడూ గోవిందా. నా ఉద్యోగం సంగతి ఆ నిమిషానికి గుర్తు రాలేదు. నోట్లో వేడి బజ్జీ పెట్టుకున్నట్టు ఆ మాటని నోట్లోనే పెట్టుకుని బండి తోసుకుంటూ బయటపడ్డాను.

కారిడార్‌లో సగం దూరం వెళ్ళానో లేదో వెనక తలుపు చప్పుడైంది. తిరిగి చూస్తే టైపిస్టు వస్తోంది, చేతిలో మడిచిన కాగితం. విమానాలాయన గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఆవిడ తొందరపడటం లేదు, అలాగని ఆగడమూ లేదు. కబురుమనిషి కదా, ఇష్టం లేకపోయినా మొయ్యాల్సిందే.

అలవాటు ప్రకారం నేను బండిని గోడకి ఆనించి, మొహం గోడ వైపు తిప్పేసుకున్నాను. అడుగుల చప్పుడు నా వెనక్కి వచ్చి ఆగింది.

"అకా."

నేను తిరగలేదు.

"అకా, గోడకేముంది? నాకు ఎదురు రా."

నాకు అర్థం కాలేదు. తల తిప్పి చూశాను. ఆవిడ కళ్ళల్లో నవ్వు లేదు, బతిమాలడం ఉంది.

"ప్లీజ్. ఎదురు రా."

అలాంటి మాట నా చెవిన పడటం అదే మొదటిసారి. మొగుడు పోయిన నాటి నుంచి ఇక్కడి మనవాళ్ళలోనూ తప్పుకో అన్నవాళ్ళే, లేదా అనకముందే నేను తప్పుకున్నవాళ్ళే. బండి తిప్పాను. చక్రం కుయ్యోమంది. కారిడార్ నడిమధ్యకి వచ్చి ఆవిడ మొహానికి మొహం పెట్టి నిలబడ్డాను.

ఆవిడ గిర్రున వెనక్కి తిరిగింది. "సారీ, ఇప్పుడు వెళ్ళడానికి వీల్లేదు" అంది గట్టిగా. "విధవరాలు ఎదురొచ్చింది. లోపల కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్ళాలి."

"ఏంటీ పిచ్చి?" అన్నాడు విమానాలాయన.

"ఆవిడ దేశపు పద్ధతి. పొద్దుటి నుంచి ఆవిడ చేతి తిండి తింటున్నాం. ఆ మాత్రం మర్యాద లేదా?"

"ఆ కాగితం నాకియ్యి, నేను వేస్తాను."

"కుదరదు. కబురుమనిషిని నేను. మోస్తే నేనే మొయ్యాలి. రూలు."

రూలు అన్న మాటకి సైన్యంవాళ్ళు ఎలా ఆగిపోతారో చూడాలి! ఆయన పళ్ళు నూరాడు, పక్కకి జరిగాడు. ఆవిడ లోపలికెళ్ళి కుర్చీలో కూర్చుంది. నేను గ్లాసుతో నీళ్ళిచ్చాను. నిమ్మళంగా తాగింది, వేడి పాయసం తాగుతున్నట్టు. ఒక గుక్క. కిటికీలోంచి మంచు చూసింది. ఇంకో గుక్క. విమానాలాయన పులిలా తిరుగుతున్నాడు. "తొందరగా!" అంటే, "తొందరపడితే మళ్ళీ మొదటి నుంచి తాగాలి" అంది. ఆ ముక్క నేను నేర్పలేదు, ఆవిడ సొంతం.

గ్లాసు అడుగుకొచ్చింది. ఆవిడ లేచింది. కాగితం చేతిలోకి తీసుకుంది. గుమ్మం దాటబోతుంటే మధ్య గది తలుపు తెరుచుకుని పెద్దాయన బయటికొచ్చాడు. చేతిలో ఒక కాగితం, దాని మీద నూనె మరక. నా బజ్జీల నూనే, చూడగానే గుర్తుపట్టాను. గుమ్మంలోనే నిలబడి చదివాడు. నీలం దేశం తన ఓడల్ని వెనక్కి తీసుకుంటోందట.

టైపిస్టు చేతిలో కాగితాన్ని విమానాలాయనే తీసుకుని నాలుగు ముక్కలు చేసి నా బండి కింది అరలో ఎంగిలి కప్పుల్లో పడేశాడు.

సాయంత్రం అందరినీ ఒకచోట కూర్చోబెట్టి పెద్దాయన గుచ్చి గుచ్చి అడిగాడు. అప్పుడు బయటపడింది సంగతంతా. నీలంవాళ్ళు ఓడలు వెనక్కి తీసుకుందామని మధ్యాహ్నమే రాసుకున్నారు. ఆ కాగితం మొయ్యాల్సిన కస్టమ్స్ బక్కాయన కళ్ళల్లో కారంతో సింకు దగ్గర తల పెట్టుకుని ఉన్నాడు. మళ్ళీ కళ్ళు కనబడేదాకా శాంతి ఆగిపోయింది. ఇటు ఆ పరుగు చప్పుడు వినే వీళ్ళు యుద్ధం రాశారు. నా బజ్జీ రెండు దేశాల మధ్య ఎంత పని చేసిందో వింటుంటే బల్ల కింద దూరాలనిపించింది.

పెద్దాయన నా వైపు తిరిగాడు.

"ఈవిడ ఏమైనా చెప్పిందా?"

విమానాలాయన లేచి నిలబడ్డాడు. ఎంత కోపిష్టి అయినా అబద్ధం ఆడే మనిషి కాదు. "చెప్పింది సర్. 'కాఫీ కావాలా' అంది. మిగతాదంతా నేనే విన్నాను."

అప్పుడు నవ్వాడు పెద్దాయన. ఆ మనిషికి పళ్ళున్నాయని ఆ రోజే తెలిసింది. టైపిస్టుని అడిగాడు, "వాళ్ళు కొట్టబోవడం లేదని నీకు తెలుసా?"

"తెలియదు సర్. మేం కాసేపు కూర్చోవాలని మాత్రం తెలుసు."

అందరూ పాసు. విమానాలాయన క్యాంటీన్‌కి దిగొచ్చి, మిగిలిపోయిన మిరపకాయ బజ్జీ ఒకటి అడిగి తీసుకుని, నా ఎదురుగా నిలబడి తొడిమ దాకా తిన్నాడు. కళ్ళ నీళ్ళు బొటబొటా కారుతుంటే "ఇంటెలిజెన్స్" అన్నాడు. శత్రువు గుట్టు తెలుసుకోవడాన్ని వాళ్ళ చదువులో అలా అంటారట. సూపర్‌వైజర్ అడ్డొచ్చి, "అవి నా మిరపకాయలు" అంది.

తర్వాతి టర్ము నుంచి ఆ ఆటకి కొత్త రూలు వచ్చింది. పెట్టెలో కాగితం వేసే ముందు ఏ కబురుమనిషైనా సరే కుర్చీలో కూర్చుని ఒక గ్లాసు మంచినీళ్ళు తాగాలి. ఆ రూలు ఎక్కడి నుంచి వచ్చిందో కొత్తగా వచ్చేవాళ్ళకి తెలియదు. ఎవరో అమెరికా పెద్దమనిషి పుస్తకంలో రాశాడనుకునేవాళ్ళు. ఆ జగ్గు నింపి పెట్టేదాన్ని నేనే. ఒక్కోసారి తాగే వాళ్ళ మొహం చూస్తే నవ్వాగేది కాదు. మా ఊళ్ళో పెద్దత్త ఎదురొస్తే తాగిన నీళ్ళు ఇక్కడ సిలబస్ అయిపోయాయి.

మిరపకాయ బజ్జీ మాత్రం ఆ మేడ మీదకి మళ్ళీ వెళ్ళలేదు. పెద్దాయన రాయించిన రూలు అది కూడా.

వేసవిలో డిగ్రీలు ఇచ్చే రోజు వచ్చింది. నల్ల గౌన్లు, పలక టోపీలు వేసుకుని వరుసగా కారిడార్‌లో నిలబడ్డారు. చుట్టాలు, కెమెరాలు, పూలు. ఇంత మంచి పని మీద బయల్దేరుతున్నారు కదా, నా కాళ్ళు వాటంతట అవే కూల్‌డ్రింకు మిషన్ వైపు నడిచాయి. సగం దాక్కున్నానో లేదో, వరుసలోంచి ఒక గౌను విడిపోయి నా వైపు వచ్చింది. టోపీ వంకరగా ఉంది.

"అకా, సోమవారం నుంచి నా కుర్చీలో కూర్చుంటున్నాను. బయటికి రా."

"ఇవాళ వద్దమ్మా. నీకు మంచి రోజు."

"అందుకే. ఎదురు రా. ఈసారి నీళ్ళు తాగను."

చెయ్యి పట్టుకుని లాగి, కారిడార్ నడుమ నిలబెట్టింది. వెనక్కి వెళ్ళి వరుసలో తన చోట నిలబడింది. బ్యాండు మొదలైంది. అందరూ కదిలారు. ఆవిడ నా కళ్ళల్లోకి చూస్తూ నేరుగా నడిచొచ్చింది. నా పక్క నుంచి వెళుతూ నా భుజానికి భుజం తాకించి, ఆగకుండా ముందుకు వెళ్ళిపోయింది.